చోక్ తీస్తే ఆగిపోతున్న పెట్రోల్ ఇంజన్, కార్బరేటర్ మార్చాల్సిందేనా?

తుప్పునట్టు:
అందరికీ నమస్తే. నీళ్ల పంపుకి బిగించి ఉన్న చిన్న పెట్రోల్ ఇంజన్ ఒకటి ఉంది, ఫోర్ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. కొన్ని నెలలుగా మూలన పడి ఉంది, ట్యాంకులో అప్పటి పెట్రోల్ అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఫుల్ చోక్ వేసి లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. సగం చోక్‌లో వదిలేస్తే నడుస్తుంది కానీ రేస్ పెరగడం తగ్గడం, పెరగడం తగ్గడం, ఇదే వరస. ప్లగ్ కొత్తది వేశాను, ఏమీ మారలేదు. మెకానిక్‌ని అడిగితే ఇంజన్ చూడకుండానే కార్బరేటర్ మార్చేయాలి అన్నాడు. విప్పి చూసుకునే ఓపిక ఉంది, స్పానర్లు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పాతరెంచ్:
మీరు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉందండి. చోక్ అంటే గాలి దారి మూయడం, అంతే. గాలి తగ్గితే ఇంజన్ లాగే వాక్యూమ్ అంతా జెట్ల (పెట్రోల్ వచ్చే సన్నని బొక్కల) మీద పడి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. చోక్ ఉంటేనే నడుస్తోందంటే మామూలుగా రావలసిన పెట్రోల్ రావడం లేదు, లేదా ఎక్కడి నుంచో రాకూడని గాలి వస్తోంది. ఈ రెండే. నెలల తరబడి పాత పెట్రోల్‌తో పడి ఉందంటున్నారు కాబట్టి మొదటిదే అనుకోండి. తక్కువ రేస్‌లో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ మూసుకుపోయి ఉంటుంది.

ఆ ఊగిసలాట కూడా అందులో భాగమే. పెట్రోల్ చాలక రేస్ పడిపోతుంది, రేస్‌ని నిలకడగా ఉంచే గవర్నర్ చూసి థ్రాటిల్ తెరుస్తుంది, తెరిస్తే మెయిన్ జెట్ నుంచి పెట్రోల్ వచ్చి రేస్ ఎగురుతుంది, గవర్నర్ మళ్లీ మూస్తుంది. చాలామంది దీన్ని గవర్నర్ ఫాల్ట్ అనుకుని స్ప్రింగులు సాగదీసి, లివర్లు వంచి, చివరికి అసలు రోగం ఒకటైతే కొత్తది ఇంకొకటి తెచ్చుకుంటారు. గవర్నర్ జోలికి మాత్రం వెళ్లకండి.

గడ్డికోత:
అన్నా, ఇంత ఎందుకు. ఈ ఇంజన్లకి కార్బరేటర్ అసెంబ్లీ మొత్తం చవగ్గా దొరుకుతోంది, రెండు నట్లు విప్పి కొత్తది పెట్టేస్తే అయిపోతుంది. నేనైతే జెట్లు శుభ్రం చేస్తూ కూర్చోను.

పాతరెంచ్:
@గడ్డికోత, కార్బరేటర్ విరిగిపోతేనో, లోపల తెల్లగా పొట్టు లేచి తినేస్తేనో మార్చండి, కాదనను. వెంట్రుకంత బొక్క మూసుకుపోయినందుకు మొత్తం మార్చడం ఎలుకను పట్టడానికి ఇల్లు తగలబెట్టినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, ట్యాంకు అడుగున ఉన్న మురికి, తుప్పు, నీళ్లు అలాగే ఉంటే కొత్త కార్బరేటర్‌లోకీ అదే దిగుతుంది. ఊరూపేరూ లేని అసెంబ్లీల్లో జెట్ సైజు మన ఇంజన్‌కి సరిపోతుందన్న గ్యారంటీ కూడా లేదు.

గడ్డికోత:
సరే, ట్యాంకు కడగాలన్న మాట ఒప్పుకుంటాను. కానీ టైమ్ లేనివాడికి మార్చేయడమే సుఖం, ఆ మాట వెనక్కి తీసుకోను.

సగంచోక్:
విప్పేముందు ఒక్క పని చేయండి @తుప్పునట్టు గారూ. చోక్ లేకుండా నాలుగైదు సార్లు తాడు లాగి వెంటనే ప్లగ్ ఊడదీసి చూడండి. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోల్ సిలిండర్ దాకా రావడం లేదు. తడిసి పెట్రోల్ వాసన వేస్తుంటే పెట్రోల్ వస్తోంది, స్పార్క్ వైపు చూడాలి, లేదంటే మరీ ఎక్కువ వచ్చి ఫ్లడ్ అయింది. ఈ ఒక్క పరీక్షతో సగం పని తప్పుతుంది.

స్పార్క్ చూడటానికి ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, మర భాగాన్ని ఇంజన్ బాడీకి గట్టిగా ఆనించి లాగాలి. అయితే ప్లగ్ బొక్క పక్కనే మాత్రం వద్దు. ఆ బొక్కలోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది, నిప్పురవ్వ తగిలితే మంట నేరుగా చేతి మీదికి వస్తుంది. బొక్కలో గుడ్డ కుక్కి, దూరంగా ఉన్న ఏదైనా పెయింట్ లేని బోల్టుకి ఆనించండి.

స్పార్క్ అసలే లేకపోతే దాన్ని పుట్టించే కాయిల్ పోయిందని కొత్తది కొనకండి. కాయిల్ నుంచి స్విచ్‌కి వెళ్లే సన్నని వైరు ఉంటుంది, ఇంజన్ ఆపడానికి అది బాడీకి ఎర్త్ అవుతుంది. ఆ వైరు పీకి మళ్లీ చూడండి. స్పార్క్ వస్తే కాయిల్ బాగుంది, స్విచ్ గానీ, ఎక్కడో ఒరుసుకుపోయిన వైరు గానీ, ఆయిల్ సెన్సార్ గానీ తప్పు. ఆయిల్ సెన్సార్ ఉన్న ఇంజన్లలో ఆయిల్ తక్కువైనా, ఇంజన్ వాలుగా పెట్టినా స్పార్క్ కట్ చేస్తుంది. దీన్ని మర్చిపోయి ఇంజన్ మొత్తం విప్పినవాళ్లని చూశాను.

తుప్పునట్టు:
చూశాను. చోక్ లేకుండా లాగితే ప్లగ్ పొడిగానే ఉంది. స్పార్క్ నీలం రంగులో గట్టిగానే వస్తోంది. అంటే పెట్రోలే. ఇప్పుడు కార్బరేటర్ విప్పడం ఎలాగో కాస్త వివరంగా చెప్పండి, ముఖ్యంగా ఆ పైలట్ జెట్ ఎక్కడ ఉంటుంది?

పాతరెంచ్:
ముందు ఆరుబయట కూర్చోండి, ఇంజన్ చల్లారి ఉండాలి, చుట్టుపక్కల పొయ్యి, బీడీ ఏదీ ఉండకూడదు. ప్లగ్ క్యాప్ పీకేయండి. పెట్రోల్ కాక్ మూసి ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా గవర్నర్ రాడ్డు, దాని పక్కన ఉండే సన్నని స్ప్రింగ్ ఏ బొక్కలో ఉన్నాయో. తర్వాత తలపట్టుకునేది వీటి దగ్గరే.

కార్బరేటర్ దించకముందే ఒక పరీక్ష. కార్బరేటర్ అడుగున గిన్నెలా ఉండే దాన్ని బౌల్ అంటారు, దానికి డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కింద గాజు సీసా పెట్టి ఆ స్క్రూ వదులు చేసి కాక్ తెరవండి. పెట్రోల్ ధారగా వచ్చి ధారగానే సాగాలి. మొదట్లో వచ్చి తర్వాత చుక్కలుగా మారితే ట్యాంకు జల్లెడ, పైపు, లేదా ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. ధార బాగుంటే తప్పు కార్బరేటర్ లోపలే. ఆ సీసాని పక్కన పెట్టి కాసేపయ్యాక చూడండి, నీళ్లుంటే అడుగున విడిగా కనబడతాయి.

బౌల్ విప్పితే మధ్యలో నిలువుగా స్తంభంలా ఉంటుంది, దాని లోపల అడుగున ఇత్తడి మెయిన్ జెట్, దాని పైన పక్కలకి బొక్కలున్న సన్నని గొట్టం, దాన్ని ఎమల్షన్ ట్యూబ్ అంటారు. జెట్ విప్పాక కార్బరేటర్ తిరగేసి తడితే ట్యూబ్ కింద పడుతుంది. జెట్‌కి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి, ఇత్తడి మెత్తన, గాడి చెడిపోతే ఇక బయటికి రాదు. పైలట్ జెట్ మాత్రం బౌల్‌లో ఉండదు, చాలా మోడళ్లలో కార్బరేటర్ పైన, ఐడిల్ స్క్రూ కిందో పక్కనో, చిన్న ప్లాస్టిక్ తలతో ఉంటుంది. స్క్రూ తీసి చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పైకి లేపితే వస్తుంది. దాని అడుగున ఉన్న బొక్క కంటికి ఆనదు, వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే గుండ్రంగా సూది మొనంత వెలుగు కనబడాలి. కనబడకపోతే మీ దొంగ దొరికినట్టే.

శుభ్రం చేయడానికి కుట్టుసూది వద్దు, డ్రిల్ బిట్ అసలే వద్దు, బొక్క పెద్దదైతే ఇంజన్ జీవితాంతం నల్లపొగ వదులుతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి దానితో మెల్లగా పొడవండి, తర్వాత కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఒక బొక్కలో కొడితే ఇంకో బొక్కలోంచి సూటిగా కంట్లోకి చిమ్ముతుంది. బాడీలోని సన్నని దారుల్లోనూ కొట్టాలి. థ్రాటిల్ ప్లేట్ అంచు దగ్గర రెండు మూడు చిన్న బొక్కలుంటాయి, పైలట్ పెట్రోల్ బయటికొచ్చేది అక్కడే, వాటిని చాలామంది వదిలేస్తారు.

రెండుస్ట్రోకులు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది బ్రష్ కట్టర్, టూ స్ట్రోక్. చల్లగా ఉంటే రెండు లాగులకే స్టార్ట్. ఒకసారి వేడెక్కి ఆగితే మళ్లీ స్టార్ట్ అవ్వదు, చల్లారాక మళ్లీ మామూలే. ఇది కూడా కార్బరేటరేనా?

గడ్డికోత:
దీనికి వేరే త్రెడ్ పెడితే బాగుండేది. సర్లే, అడిగేశారు కదా.

వేడి మీద ఆగగానే, చల్లారనివ్వకుండా, స్పార్క్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే లాభం లేదు. వేడిలో స్పార్క్ మాయమై చల్లారాక వస్తోందంటే కాయిల్ పోతోంది, లోపలి చుట్ట వేడికి తెగిపోతూ కలుస్తూ ఉంటుంది, మార్చడం తప్ప దారి లేదు. కొత్తది బిగించేటప్పుడు ఫ్లైవీల్ అయస్కాంతానికీ కాయిల్‌కీ మధ్య విజిటింగ్ కార్డు పెట్టి, అయస్కాంతం దాన్ని లాక్కున్నాక బోల్టులు బిగించి, కార్డు తీసేయండి. చాలా చిన్న ఇంజన్లకి ఆ మందం సరిపోతుంది, మాన్యువల్ ఉంటే అందులో చెప్పిన అంకె పెట్టండి.

స్పార్క్ వేడిలోనూ ఉంటే, వేడి ఇంజన్‌కి చోక్ వేస్తున్నారేమో చూసుకోండి. వేడి మీద చోక్ అక్కర్లేదు, వేస్తే ఫ్లడ్ అవుతుంది.

సగంచోక్:
ఇంకో రెండు చూడండి @రెండుస్ట్రోకులు. సైలెన్సర్ మూతిలో చిన్న జాలీ ఉంటుంది, నిప్పురవ్వలు బయటికి రాకుండా. టూ స్ట్రోక్‌లో ఆయిల్ మసి దాన్ని మూసేస్తుంది, పవర్ పోతుంది, రేస్ ఎక్కదు. తీసి వైరు బ్రష్‌తో గీకేయండి. రెండోది ట్యాంకులోకి వెళ్లే సన్నని పెట్రోల్ పైపు, ట్యాంకు బొక్కలో దూరే చోట పగులుతుంది, బయటికి కనబడదు, లాగి వంచి చూస్తేనే తెలుస్తుంది. అక్కడి నుంచి గాలి పీలిస్తే ఇంజన్ పెట్రోల్ చాలక చస్తుంది.

ఇక మీ కార్బరేటర్‌లో బౌల్ ఉండదు, రబ్బరు డయాఫ్రం ఉంటుంది. అది బట్టలా మెత్తగా ఉండాలి, ప్లాస్టిక్ కాగితంలా గలగలమంటే గట్టిపడిపోయినట్టు, కిట్ వేసుకోండి. డయాఫ్రం లోపల ఉండగా కంప్రెసర్ గాలి మాత్రం కొట్టకండి, చిరిగిపోతుంది.

రెండుస్ట్రోకులు:
థాంక్స్. పెట్రోల్‌లో కలిపే ఆయిల్ సంగతి కూడా అడగనా, కంపెనీ 50:1 అంది. కాస్త ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిదే కదా, 40 మి.లీ. పోస్తున్నాను లీటరుకి.

పాతరెంచ్:
50:1 అంటే లీటరుకి 20 మి.లీ. 40 మి.లీ. పోస్తే 25:1 అయింది. ఎక్కువ ఆయిల్ మంచిదే అన్నది అందరూ అనేదే కానీ ఆలోచించండి, జెట్‌లోంచి వెళ్లే ద్రవం అంతే ఉంటుంది కాబట్టి అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గుతుంది. పైగా ప్లగ్ మీద మసి, సైలెన్సర్ జాలీ మీద మసి. అసలు ఆయిల్ లేకుండా పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, అది వేరే సంగతి. కంపెనీ చెప్పినంత, టూ స్ట్రోక్ ఆయిలే, చిన్న కొలపాత్రతో కొలిచి పోయండి. సీసా మూతలతో లెక్క వద్దు.

తుప్పునట్టు:
విప్పేశాను. బౌల్ అడుగున టీ రంగులో అంటుకుపోయిన పొర, దాని మీద నీటి బొట్లు ముత్యాల్లా అటూ ఇటూ దొర్లుతున్నాయి. బౌల్‌లో పెట్రోల్ మట్టం చూసే ఫ్లోట్ బాగానే ఉంది. మెయిన్ జెట్‌లో వెలుగు కనిపించింది. పైలట్ జెట్‌ని ఎంత తిప్పి చూసినా చీకటే. రాగి పోగుతో పొడిస్తే ఆకుపచ్చ పొడి రాలింది, తర్వాత వెలుగు కనబడింది. ట్యాంకు కడిగి, కొత్త పెట్రోల్ పోసి బిగించాను. ఇప్పుడు చోక్ పూర్తిగా తీసినా నడుస్తోంది! కాకపోతే లోడ్ లేనప్పుడు ఆ ఊగిసలాట ఇంకా కొంచెం ఉంది. పంపు నీళ్లు లాగుతుంటే మాత్రం నిలకడగా ఉంది.

సగంచోక్:
లోడ్ లేనప్పుడు తేడా, లోడ్‌లో బాగుందంటే ఇంకా పైలట్ దారిలోనే ఏదో మిగిలింది, లేదా ఎక్కడో కొద్దిగా గాలి లీక్. అదే లోడ్ లేనప్పుడు బాగుండి లోడ్ పడగానే చచ్చిపోతే మెయిన్ జెట్‌ని అనుమానించాలి.

కార్బరేటర్ దించినప్పుడు గాస్కెట్లు పాతవే వేశారా? ఇంజన్‌కీ కార్బరేటర్‌కీ మధ్య నల్లటి ఇన్సులేటర్ దిమ్మ ఉంటుంది, దానికి రెండు పక్కలా గాస్కెట్ ఉంటుంది. చిరిగినా, తిరగబడినా గాలి పీలుస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ జాయింట్ మీద కార్బరేటర్ క్లీనర్ చిన్న చిమ్ము కొట్టండి, రేస్ మారితే లీక్ అక్కడే. సైలెన్సర్ ఆ పక్కనే ఉండి ఎర్రగా కాలుతుంటే మాత్రం ఈ పరీక్ష వద్దు, అది మండే స్ప్రే. నేరుగా గాస్కెట్లు మార్చేయండి.

వెలుగుతెర:
ఈ ఊగిసలాట జనరేటర్‌కి ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 50 హెర్ట్జ్ కరెంటు ఇచ్చే మామూలు చిన్న జనరేటర్ 3000 ఆర్‌పీఎం దగ్గర తిరగాలి, 60 హెర్ట్జ్ అయితే 3600. రేస్ ఊగితే ఫ్రీక్వెన్సీతో పాటు ఓల్టేజీ కూడా ఊగుతుంది. బల్బులు మినుకుమనడం ఒక్కటే కాదు, ఫ్రిజ్‌లు, మోటార్లు దెబ్బతింటాయి. సరిచేసేదాకా ఖరీదైనవేవీ తగిలించకండి. జనరేటర్‌ని గదిలో, వరండాలో, కిటికీ పక్కన నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి అనుకునేలోపే మనిషి పడిపోతాడు.

తిరగనిచక్రం:
నాది విచిత్రమైన కేసు. తాడు లాగితే సగం దాకా వచ్చి గోడకి తగిలినట్టు ఆగిపోతోంది. ఇంజన్ పట్టేసిందా? డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ ఎక్కువే ఉంది, నేను పోసిన దానికంటే కూడా ఎక్కువ.

పాతరెంచ్:
ఆగండి, బలవంతంగా లాగకండి! డిప్‌స్టిక్ వాసన చూడండి, పెట్రోల్ వాసన వస్తుందని నా అనుమానం. పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ సూది సరిగా మూసుకోక, కాక్ తెరిచి వదిలేసినందుకు, పెట్రోల్ సిలిండర్‌లోకి దిగి, పిస్టన్ పక్క నుంచి ఆయిల్‌లోకి చేరింది. పిస్టన్ పైన ద్రవం నిండితే దాన్ని నొక్కలేక ఇంజన్ ఆగిపోతుంది, గట్టిగా లాగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పేసి, మొహం దూరంగా పెట్టి మెల్లగా లాగితే పెట్రోల్ అంతా బయటికి చిమ్ముతుంది. ఆ ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయకుండా స్టార్ట్ చేయొద్దు, పెట్రోల్ కలిసిన ఆయిల్‌కి జిగురు ఉండదు, బేరింగులు అరిగిపోతాయి. తర్వాత ఫ్లోట్ సూది చూడండి, మొన దగ్గర గాడి పడి ఉంటే మార్చండి. పని అవగానే కాక్ మూయడం మాత్రం అలవాటు చేసుకోండి.

తిరగనిచక్రం:
వాసన నిజమే, పెట్రోలే. ప్లగ్ విప్పి లాగితే పిచికారీలా కొట్టింది. ఇప్పుడు తిరుగుతోంది. ఆయిల్ దించుతున్నాను.

గడ్డికోత:
స్పార్క్ ఉంది, పెట్రోల్ ఉంది, కంప్రెషన్ ఉంది, అయినా స్టార్ట్ అవ్వదు, లాగితే తాడు చేతిని వెనక్కి గుంజుతుంది అంటే ఫ్లైవీల్‌ని షాఫ్ట్ మీద కుదురుగా పట్టి ఉంచే కీ చూడండి. గడ్డి కోసే మిషన్ బ్లేడు రాయికి తగిలితే ఆ చిన్న మెత్తటి కీ కోసుకుపోతుంది, టైమింగ్ జరిగిపోతుంది. సగం కోసుకుపోయినా చాలు. ఇది నా దగ్గరికి వచ్చే మిషన్లలో తరచూ చూసేదే, కార్బరేటర్లు రెండేసి మార్చి తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

సగంచోక్:
కార్బరేటర్ మార్చమన్న మనిషే ఈ మాట అంటున్నాడు, అందరూ గమనించగలరు :)

కంప్రెషన్ తక్కువ అనిపిస్తే రింగుల జోలికి వెళ్లకముందు ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్) చూడండి. హోండా జీఎక్స్160కి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మి.మీ. గ్యాప్ ఉండాలి. గ్యాప్ అసలే లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ లీక్ అవుతుంది. మరీ ఎక్కువైతే లాగేటప్పుడు కంప్రెషన్ తగ్గించే కంప్రెషన్ రిలీజ్ సరిగా పనిచేయక తాడు లాగడం బరువుగా ఉంటుంది. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ ఒక్కటుంటే చాలు.

తుప్పునట్టు:
గాస్కెట్ అన్న మాట నిజమైంది. ఇంజన్ వైపుది ఒక మూల చిరిగి లోపలికి మడతపడి ఉంది. రెండూ కొత్తవి వేశాను, ఊగిసలాట పూర్తిగా పోయింది. ఇక నుంచి కొన్నాళ్లు వాడకపోతే పెట్రోల్ ఎలా ఉంచాలి?

పాతరెంచ్:
నెల దాటి వాడనని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసేయండి, తర్వాత ఇంజన్‌ని దానంతట అది ఆగేదాకా నడపండి, ఆఖరున బౌల్ డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కూడా వదిలేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, మీ బౌల్‌లో దొర్లిన బొట్లు అలా చేరినవే అయ్యుంటాయి. ట్యాంకులో ఉంచక తప్పదంటే పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి కాసేపు నడపండి, కలిపినది కార్బరేటర్ దాకా చేరాలి కదా.

తుప్పునట్టు:
సరే. పనిలో పనిగా ఆయిల్ కూడా మార్చేస్తాను. లెవెల్ చూసేటప్పుడు డిప్‌స్టిక్ మర తిప్పి బిగించాలా, ఊరికే దించితే చాలా?

సగంచోక్:
ఇంజన్ సమతలంగా పెట్టి చూడాలి. జీఎక్స్ రకానికి బిగించకూడదు, తుడిచి ఊరికే దించి తీసి చూడాలి. కొన్ని వేరే మోడళ్లకి బిగించి చూడమంటారు, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. పాత ఆయిల్ తీసేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉంటే మురికితో సహా వచ్చేస్తుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ పడిపోతుంది, ముందే చూసుకోండి.